గేటుకు కట్టిన బోర్డు

బెంగళూరు, ఆగస్టు 11

ప్రియమైన అమ్మకు,

ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, నాచారంలో మన గల్లీ అంతా వింటుంది. అందుకే కాగితం మీద రాసి ఫొటో పంపుతున్నాను. నాన్న ఫోన్‌లో పెద్దగా చేసుకుని నువ్వే చదువుకో.

గేటుకు కట్టిన ఆ బోర్డు తీసెయ్. 'డాక్టర్ దీవెన, పిల్లల డాక్టర్' అని ఉప్పల్ రింగ్ రోడ్డులో ఫ్లెక్స్ కొట్టించే ముందు నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా? నేను జ్వరాలు చూసే డాక్టర్‌ను కాను. మానసిక వైద్యంలో ఎం.డి. చేసి, ఇప్పుడు పిల్లల మనసుకు వైద్యం చేయడంలో మూడేళ్ల శిక్షణ తీసుకుంటున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నీకు సిగ్గు.

రెండు రోజుల సెలవుకు వస్తే, ఆదివారం చర్చి నుంచి ఇంటికి చేరేసరికి అరుగు మీద ఆరుగురు. ఈరమ్మ పెద్దమ్మ మనవడి గజ్జి చూపించి, "గింత సదివినవ్, గజ్జికి మందు రాయరాదా?" అంది. అందరూ నవ్వారు. ఆ వెనకే నీలవేణి అక్క తన కూతురు నీరజను తీసుకొచ్చింది. మూడు వారాలుగా కడుపునొప్పట, బడికి పోవడం లేదట. నాకు ఒళ్లు మండింది. "నేను ఆ డాక్టర్‌ను కాను అక్కా, ఉప్పల్‌లో చూపించు" అని తలుపేసుకున్నాను. నీ అబద్ధం వల్ల ఆ మాట నేను అనాల్సి వచ్చింది.

మన ఇంట్లో మొదట బడికి పోయింది నేనే. ఏం చదివానో దాచుకోవడానికి కాదు చదివింది.

కోపంతో,
డాక్టర్ దీవెన, మానసిక వైద్యం


నాచారం, ఆగస్టు 14

ప్రియమైన బిడ్డకు అమ్మ వందనాలు.

చర్చిల ఆడోళ్ల క్లాసుకు పోయి నలభై ఏండ్లకు అక్షరాలు నేర్సుకున్న. తప్పులుంటే ఎంచకు. బోర్డైతే నేను తియ్య.

నువ్వన్నట్టు మనసు డాక్టర్ అని రాపిస్తే ఏమైతదో ఎరుకేనా? ఒక్క తల్లి గేటు దాటదు. బిడ్డను పిచ్చిదంటరని భయం. నాకు సిగ్గు కాదు, గల్లీ సంగతి ఎరుక. నువ్వు పుట్టి పెరిగింది గీడనే గదా, నీకెట్ల ఎరుక లేకపాయె?

గా పిల్లతోటి ఒక్క మాట మాట్లాడకుండ తలుపేసినవ్. బెంగుళూరుల గట్లనే నేర్పిస్తున్నరా?

ఇట్లు,
నీ అమ్మ సువార్తమ్మ


బెంగళూరు, ఆగస్టు 18

ప్రియమైన అమ్మకు,

ఏం నేర్పిస్తున్నారో చెబుతాను. మొన్న తొమ్మిదేళ్ల పాప తలనొప్పితో వచ్చింది. మూడు ఆస్పత్రులు తిప్పి స్కానింగులు తీయించారు, ఏమీ దొరకలేదు. నేను ఆమె పక్కన గంటసేపు కూర్చుని బొమ్మలు గీశాను. బడి బొమ్మ వేసి, గది బయట ఒక పిల్లను నిలబెట్టింది. రోజూ ఆమెను అలాగే బయట నిలబెడుతున్నారు. పిల్లలు దిగులుగా ఉందని చెప్పరు, నొప్పిగా ఉందంటారు, ఆ నొప్పి నిజమే, అక్కడి నుంచి అడగడం మొదలుపెట్టండి అని మా మేడమ్ రోజూ చెబుతారు.

ఇదీ నా పని. దీన్ని తీసుకెళ్లి గజ్జి మందులో కలిపావు. మీకు ఎంత చెప్పినా అర్థం కాదు. ఆ బోర్డు తీసేదాకా ఇంటికి రాను.

దీవెన


నాచారం, ఆగస్టు 26

దీవెనకు,

సోమవారం నీరజ బడికి పోత అని బట్టలేస్కోని పోయింది. మళ్ల ఇంటికి రాలె. రెండు దినాలు దొర్కలే. ఉప్పల్ బస్టాండుల కూసుంటే ఒక కండక్టరమ్మ సూసి పోలీసోళ్లకు చెప్పింది. నిన్న మాపటికి ఇంటికి తెచ్చిన్రు. తింటలేదు, మాట్లాడతలేదు.

ఇప్పుడు జెప్త ఇను. నెల కింద నీలవేణి నా దగ్గర ఏడ్సింది. పిల్ల నిద్ర పోతలేదు, చెయ్యి కొరుక్కుంటంది, బడి పేరు తీస్తే వణుకుతది అన్నది. ఎవ్వరికి చెప్పకు అత్తా అని ఒట్టేయించుకుంది. నేనే అన్న, నా బిడ్డ వస్తది, అరుగు మీద పదిమంది ఉంటరు, కడుపునొప్పి అని చెప్పు, మిగిలింది నా బిడ్డ అడుగుతది అని. గందుకే గా బోర్డు. గజ్జోళ్లు, జరమొచ్చినోళ్లు మస్తు మంది రావాలె, వాళ్ల నడుమ ఒక్క తల్లి ఎవ్వరి కంట పడకుండ లోపటికి రావాలె.

ఒట్టేసిన అని నీకు సుత చెప్పలె. అది నా తప్పు.

నువ్వు రాసిన తలనొప్పి పిల్ల సంగతి మూడుసార్లు చదివిన. గా పిల్లకు గంట కూసున్నవ్. మన గల్లీ పిల్లకు తలుపేసినవ్. నువ్వు అడుగుతవ్ అనుకున్న బిడ్డా.

అమ్మ


బెంగళూరు, ఆగస్టు 27

ప్రియమైన అమ్మకు,

కోపం తగ్గలేదు. ఎవరి మీద పడాలో ఇప్పుడు తెలిసింది.

మా శిక్షణలో వారానికి ఒకరం అందరి ముందు ఒక కేసు చెప్పాలి. ఈ రోజు నా వంతు. పేరు, ఊరు తీసేసి చెప్పాను. తీసుకొచ్చింది తల్లి. మూడు వారాలుగా కడుపునొప్పి, బడికి పోవడం లేదు. డాక్టర్ అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు. "ఎవరా డాక్టర్?" అన్నారు మేడమ్. నేనే అన్నాను. నేను అడగకముందే ఆమె సెలవు రాసిచ్చారు.

శనివారం పొద్దున దిగుతాను. అప్పటిదాకా నీరజను ఒక్కదాన్ని వదలొద్దు. బడికి పంపొద్దు. ఎందుకు పోయావని ఎవరూ అడగొద్దు. రంగు పెన్సిళ్లు తెస్తున్నాను. తను మాట్లాడకపోయినా పక్కన కూర్చుంటాను. ఆ బడిలో ఏం జరిగిందో తెలిసిన రోజు నేనే బడికి వెళతాను. ఈ కోపం అప్పుడు కావాలి, ఉంచుకుంటాను.

అరుగు మీదికి అందర్నీ రానీ. ఈరమ్మ పెద్దమ్మను మనవణ్ణి తీసుకురమ్మను. గజ్జికి మందు ఎం.బి.బి.ఎస్.లో నేనూ చదివాను.

గల్లీలో ఎవరైనా అడిగితే, నీలవేణి అక్కను కడుపునొప్పి అనే చెప్పమను.

బోర్డు తీయకు.

నీ బిడ్డ,
దీవెన, పిల్లల డాక్టర్