పెట్టెబండ దగ్గర టైమెంత?

జనవరి 21, బుధవారం
షాపు నుంచి, మధ్యాహ్నం

సిస్టరమ్మకు,

నీ వాచీల షాపు స్నేహితురాలు రాయునది. ఇక్కడ నేను క్షేమం, షాపు క్షేమం, మా అమ్మ దగ్గు కూడా క్షేమమే, ఆమెను వదిలి పోనంటోంది. మీ ఆయనా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నువ్వెలా ఉన్నావో మాత్రం తలచి ఊరుకోకుండా అడుగుతున్నాను. పోయిన నెల కూరగాయల మార్కెట్లో ఎదురుపడి, బాగున్నావా అంటే బాగున్నానని, సంచి భుజం మార్చుకుని వెళ్లిపోయావు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానంటావు, నేను సరేనంటాను, అక్కడితో సరి. ఉత్తరాన్నయితే డ్యూటీ అయ్యాకైనా చదవచ్చు కదా.

మొన్న ఆదివారం మళ్లీ ఆ కొండకే వెళ్లాం. రెండేళ్ల కిందట మనం నలుగురం, శిఖరం ఎదురుగా కనబడుతుండగా వెనక్కి తిరిగామే, అదే. ఈసారి ముగ్గురమే. డ్రైవింగ్ మాస్టారు, బేకరీ అన్నయ్య, నేను. నీ బూట్లు వేసుకుని వెళ్లాను. ఇక నాకెందుకని నువ్వు షాపు మెట్ల మీద పెట్టి పోయిన బూట్లు, రెండేళ్లుగా నా బల్ల కిందే ఉన్నాయి. ఎడమ బూటులో నీ మోకాలి కోసం డాక్టరు వేసుకోమన్న మెత్త అలాగే ఉంది. తీయబుద్ధి కాలేదు.

మాస్టారు ఏమీ మారలేదు. కారు నేర్పినట్టే కొండ ఎక్కిస్తారు, మన కాళ్లకు కూడా బ్రేకు ఆయన దగ్గరే ఉండాలి. పొద్దున్నే జీపు పక్కన నిలబెట్టి పాత పాఠం మళ్లీ చెప్పారు. ఫోన్లు జీపులోనే ఉండాలి, చూపు ముందువాళ్ల మడమల మీద ఉండాలి, రెండయిందంటే శిఖరం చెయ్యి చాస్తే అందేలా ఉన్నా సరే వెనక్కి తిరగాల్సిందే, చలికాలం ఐదింటికల్లా చీకటి పడుతుంది, చీకట్లో కొండ ఎవరికీ చుట్టం కాదు అని. అందరికీ కలిపి ఆయన గడియారం ఒక్కటే. లావు చేతితొడుగుల మీద పట్టదని ఎప్పటిలాగే విప్పి నాకివ్వబోయారు. వాచీలు బాగుచేసేదాని జేబులో ఉంటే గడియారానిక్కూడా ధైర్యంగా ఉంటుందని ఆయన జోకు. ఏడేళ్లుగా అదే జోకు. నా జేబు చిరిగిందని చెప్పి, అన్నయ్యకిప్పించాను.

చెట్లు అయిపోయేదాకా బాగానే నడిచాం. ఆ తర్వాత మంచు. పైన పెళుసుగా గట్టిపడి, కాలు వెయ్యగానే విరిగి చీలమండ దాకా దిగబడుతోంది. అన్నయ్యకు మూడుసార్లు పిక్క పట్టేసింది. పట్టేసిన ప్రతిసారీ కూర్చుని ఒక బన్ను తిన్నాడు. పిక్క ముందు పట్టిందో ఆకలి ముందు వేసిందో తేల్చుకోమని మాస్టారు అంటే, రెండూ కవలలే మాస్టారూ అన్నాడు.

అలా శిఖరం కిందున్న పెట్టెబండ దగ్గరకు చేరాం. గాలి తగలకుండా దాని వెనకాల కూర్చున్నాం. రెండేళ్ల కిందట కూర్చున్న చోటే.

ఆ రోజు మాస్టారు అక్కడే టైమెంతని అడిగారు. రెండయిందని నేను చెప్పాను. నువ్వు అప్పుడే నా వెనకాల వచ్చి, బండకు చెయ్యానించి ఊపిరి తీసుకుంటున్నావు. మోకాలు సరిగా లేనివాళ్లు ఇంటి దగ్గర ఉండాలమ్మా, నీ మూలంగా అందరి కష్టమూ మంచులో పోసినట్టయింది అన్నారు మాస్టారు. నిజమే మాస్టారూ, నా వల్లే అన్నావు. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు, డ్యూటీ దిగాక ఆసుపత్రి నాలుగంతస్తులూ ఎక్కి దిగి సిద్ధపడినదానివి. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్లకు నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. దిగేటప్పుడు అన్నయ్య నీకు నత్తమ్మ అని పేరు పెట్టాడు. నువ్వు తలెత్తకుండా అందరికన్నా ముందు నడిచావు. జీపు దగ్గరకు వచ్చేసరికి దాని టాపు మీద ఇంకా ఎండ ఉంది. ఇంత వెలుతురుందేమిటని అన్నయ్య ఆశ్చర్యపోతే, నత్తమ్మ అలిగి పరుగు తీసింది కదా, అందుకే అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈసారి బండ దగ్గర అన్నయ్య జేబులోంచి గడియారం తీసి చూశాడు. ఒకటీ ఇరవై. ఇంకేం, లేవండి అన్నారు మాస్టారు.

బండ దాటితే ఆ ఇరుకు గట్టు ఉంది చూడు, రెండడుగుల వెడల్పు, రెండు పక్కలా లోయ.  దాన్ని చూడగానే నీ బూట్లలో నా వేళ్లు ముడుచుకున్నాయి. నాకు భయంగా ఉంది మాస్టారూ, నేను రాలేను అనేశాను. తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు. ఇంత దాకా చెప్పవేమమ్మా అని, తాడు తీసి నా నడుముకు కట్టి, ఇంకో కొస తన నడుముకు కట్టుకున్నారు. తనకూ ప్రతి కొండ మీదా భయమేననీ, మాస్టారి మడమలు తప్ప లోకంలో ఇంకేమీ చూడననీ అన్నయ్య చెప్పాడు. చూశావా, అంతే. ఒక్క మాట అంటే తాడు కట్టేవాళ్లు. ఆ ఒక్క మాటా నా నోట రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

రెండింటికి ఐదు నిమిషాలుండగా శిఖరం మీద ఉన్నాం. పైనుంచి ఏం చూశానని అడుగుతావేమో. ఏమీ చూడలేదు. పొగమంచు. నాలుగు రాళ్ల కుప్ప, రాయిలా బిగిసిన బన్ను, ముక్కు కొసలు ఎర్రబడిన ముగ్గురం. అయినా ఏడుపొచ్చింది. నువ్వుంటే ముందు నా వేళ్లు తిమ్మిరెక్కాయేమో పట్టి చూసేదానివి, తర్వాత ఏడవనిచ్చేదానివి.

దిగి పెట్టెబండ దగ్గరకు వచ్చాక మాస్టారు లెక్క వేశారు. ఇవాళ ఇక్కడికి ఒకటీ ఇరవైకి వచ్చాం, ఆ రోజు రెండింటికి, అంటే నత్తమ్మ మన నలభై నిమిషాలు తినేసింది అన్నారు. మరి ఇవాళ నేను మూడుసార్లు కూలబడ్డాను కదా, ఇవాళ మనమేం పరుగెత్తుకు రాలేదే అన్నాడు అన్నయ్య. మాస్టారు నా వైపు చూశారు. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. అది ఊడలేదు.

ఇవీ సంగతులు. వచ్చే చలికాలం నువ్వు రావాలి. బూట్లు తుడిచి, ఆరబెట్టి, మెత్త తీయకుండా ఉంచాను. కోపం ఉంటే తిట్టడానికైనా ఒకసారి షాపుకు రా.

నీ జవాబు కోసం రోజూ తలుపు వైపు చూస్తూ ఉండే,
నీ వాచీలమ్మ

ఉత్తరం మడిచాక:

మడిచాను గానీ అంటించలేకపోయాను. ఇన్ని పేజీలు రాసి, రాయాల్సింది రాయలేదు.

ఆ రోజు నువ్వింకా ఎక్కుతూ ఉండగా ఆ గట్టు చూసి బెదిరిపోయాను. నెల రోజులుగా శిఖరం శిఖరమని అందరినీ ఊదరగొట్టినదాన్ని, భయమని చెప్పడానికి నోరు రాలేదు. జేబులో చెయ్యి పెట్టి మాస్టారి గడియారాన్ని నలభై నిమిషాలు ముందుకు తిప్పాను. దిగేటప్పుడు మళ్లీ వెనక్కి తిప్పేశాను. ఈ చేతులకు అదెంత పని. తప్పు పొద్దు మీద పడుతుందనుకున్నాను. నీ మీద పడింది. పడ్డాకైనా చెప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా రెండేళ్లు కూర్చున్నాను.

నిన్న మాస్టారికి, అన్నయ్యకు చెప్పేశాను. అన్నయ్య తల దించుకున్నాడు. మాస్టారు చేతి గడియారం విప్పి ఒకసారి చూశారు. ముందు చెప్పాల్సింది నాకు కాదు, ఆ అమ్మాయికి అని, గడియారం కట్టుకుని వెళ్లిపోయారు. ఆయన అన్నది నిజమే.

నన్ను క్షమించమని అడగను. నీ టైము నీకు చెప్పాలి. ఆ రోజు నువ్వు ఆ మోకాలితో పెట్టెబండ దగ్గరకు చేరింది ఒకటీ ఇరవైకి. మొన్న మేం చేరిందీ ఒకటీ ఇరవైకే.