తొట్టి అడుగున కంత

బర్కన్‌హెడ్,
1990 డిసెంబరు 9, ఆదివారం.

తమ్ముడు క్లిఫర్డ్‌కు,

అక్క ఈనిడ్ దీవెనలు. నా ఎడమ మోకాలి సంగతి వదిలేస్తే, దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. జర్మనీ చలిలో నువ్వూ గ్రేటా ఆరోగ్యంగా ఉండాలని రోజూ అడుగుతున్నాను, ఎవరిని అడగాలో వారిని.

నీ ఉత్తరం అందింది. లివర్‌పూల్‌లో ప్రదర్శన పెట్టేవాళ్ళు ఇంట్లో దొరికిన సామాన్లతో పాటలు వాయించిన మీ స్కిఫుల్ రోజుల గురించి రాసిమ్మన్నారనీ, ఆ సోమవారం ఉదయం నాకు గుర్తుందా అనీ అడిగావు. ఉంది.

1957 మార్చి. సోమవారమంటే అమ్మ బట్టలుతికే రోజు. ఇంకా ఆరున్నర కాలేదు. వాన లేదు, గాలి ఉంది. బట్టలారడానికి అనువైన రోజు. అమ్మ కాగు కింద మంట వేసి, సబ్బు తురిమి, బట్టలు రుద్దే రేకు పలక కోసం గోడవైపు చెయ్యి చాచింది. అక్కడ మేకు మాత్రమే ఉంది. బొగ్గుల కొట్లోంచి దరువు వినబడింది. తలుపు తీస్తే మీరు ముగ్గురూ. నీ చేతిలో గిటారు. పక్కింటి ఎరిక్ ఒళ్ళో రేకు పలక, వాడి వేళ్ళకు అమ్మ కుట్టుపనికి వాడే ఇత్తడి తొడుగులు. మన చిన్నవాడు, పదిహేనేళ్ళ నార్మన్, బోర్లించిన పెద్ద చెక్క టీ పెట్టె మీద ఒక కాలు మోపి, చీపురు కర్రకు కట్టిన తాడును లాగి గుబ్‌గుబ్‌మనిపిస్తున్నాడు. మీ బేస్ అదే. ఆ పెట్టె నేను పనిచేసే టీ గిడ్డంగి నుంచి నది దాటే ఫెర్రీలో మోసుకొచ్చినదే. తాడు కోసం దాని అడుగున కంత పొడిచిందీ నేనే.

"ఏరా, మీ నాన్న చొక్కాలు నీ గిటారు మీద రుద్దమంటావా?" అంది అమ్మ.

"ఒక్క పాటేనమ్మా, అయిపోవచ్చింది," అన్నావు నువ్వు.

"నీ పాట అయ్యేలోపు వానొస్తుంది. సోమవారం పలక నాది. మిగతా ఆరు రోజులు వాయించుకు చావండి. నా తొడుగులు మాత్రం సాయంత్రానికి డబ్బాలో ఉండాలి."

పలక లాక్కుని వెళ్ళిపోయింది. ఆ పూట చొక్కాలు రుద్దుతూ అమ్మ మీ దరువే వేసింది. మీరు వినలేదు. నేను విన్నాను. కావాలంటే అది రాయి.

స్కిఫుల్‌ని ఇంకా ఎవరైనా తలుచుకుంటున్నారా అనీ అడిగావు. పేరు తలిచేవారు తక్కువే. రెండేళ్ళ ముచ్చట కదా. కానీ నాకు తోచింది చెబుతాను. అంతకు ముందు వాయిద్యమంటే పియానో ఉన్న ఇళ్ళవాళ్ళదీ, నేర్చుకున్నవాళ్ళదీ. పెట్టె, కర్ర, పలక ఉంటే చాలని తెలిసిన రోజున అది మన బొగ్గుల కొట్లోకి వచ్చింది. ఎవరినీ అనుమతి అడగక్కర్లేదన్న ఆ ధైర్యమే తర్వాత మీ రాక్ సంగీతమంతా అనుకుంటాను. కరెంటు తర్వాత వచ్చింది. నార్మన్ కూతురు లోర్నాకి పంతొమ్మిదేళ్ళు. నలుగురు స్నేహితులతో కలిసి బేస్ గిటారు వాయిస్తుంది. ఒకరోజు వినడానికి వెళ్ళాను. చెవులు దిబ్బడేశాయి గాని, కాలు మాత్రం ఆ దరువుని గుర్తుపట్టింది. ఎక్కడ నేర్చుకున్నావే అంటే, "నాన్న అన్నం ముందు కూర్చుంటే బల్ల మీద కొడతాడు కదత్తా, అదే," అంది. నార్మన్ ఈ ముప్పై రెండేళ్ళలో ఏ వాయిద్యమూ ముట్టలేదు. చేతులు మరిచిపోలేదు.

ఇక నీ మూడో ప్రశ్న. ప్రదర్శనకు ఆ టీ పెట్టె కావాలన్నావు. "కోపంతో నార్మనే ఎక్కడో దాచాడు, నువ్వడిగితే ఇస్తాడేమో," అని రాశావు. ఆ వాక్యం చదివాక పది రోజులు నీకు జవాబు రాయలేకపోయాను.

నార్మన్ దాచలేదు. నేను తీశాను.

1958 డిసెంబరులో ఓ సాయంత్రం వంటగదిలో నువ్వు నాతో అన్న మాట నీకు గుర్తుండకపోవచ్చు. "కరెంటు బేస్ వాయించేవాడు దొరికాడక్కా. ఇక టీ పెట్టెతో స్టేజీ ఎక్కితే నవ్వుతారు. నార్మన్‌కి ఎలా చెప్పను?" అన్నావు. తమ్ముడి నోట ఆ మాట తమ్ముడు వినకూడదనుకున్నాను. అదే వారం మన ప్రార్థనాలయంలో క్రిస్మస్ నాటకానికి పశువుల తొట్టి కావలసి వచ్చింది. శనివారం పెట్టెను తీసుకెళ్ళి, గోధుమరంగు వేసి, వెల్లకిలా పెట్టి, గడ్డి పరిచాను. కంతలోంచి గడ్డి రాలకుండా ఒక గుడ్డముక్క వేశాను. ఇప్పటికీ ఏటేటా వేస్తున్నాను.

నార్మన్ వచ్చి, "నా పెట్టె ఏది?" అన్నాడు. "క్లిఫర్డ్‌ని అడుగు," అన్నాను. అంతే. వాడు అడగలేదు. నువ్వు విరగ్గొట్టావనుకున్నాడు. అలిగి వాడే మానేశాడని నువ్వనుకున్నావు, కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నావు. అమ్మ పోయినప్పుడు మీరిద్దరూ శవపేటికకు చెరోవైపు నిలబడి, పరాయివాళ్ళలా చేతులు కలిపారు. అప్పుడైనా చెప్పవలసింది. నేను అబద్ధమాడలేదు కదా అని ఇన్నేళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ప్రార్థనలో అక్కడిదాకా వచ్చి పక్కకు తప్పుకునేదాన్ని. నన్ను క్షమించు.

నిన్న లోర్నా నాకు సాయంగా ప్రార్థనాలయానికి వచ్చింది. దుమ్ము దులపడానికి తొట్టిని బోర్లించింది. "అత్తా, తొట్టికి కంతేమిటి? అదీ సరిగ్గా నడిమధ్యన?" అని వేలు పెట్టి చూసింది. తర్వాత నావైపు చూసింది. ఆ పెట్టె మీద కాలు మోపిన వాళ్ళ నాన్న పాత ఫొటో వాళ్ళింట్లో అద్దం పక్కనే ఉంటుంది. ఆమెకు అబద్ధం చెప్పదలచుకోలేదు. "నాన్నని పిలుచుకురా," అన్నాను.

నార్మన్ బస్సు డ్యూటీ దిగి, యూనిఫారంతోనే వచ్చాడు. నీకు రాసినదంతా వాడికి చెప్పాను. వాడు మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెను గోళ్ళతో రెండుసార్లు తట్టాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"నన్ను తీసేస్తాడని నాకు తెలుసక్కా. ఆ బేస్ వాణ్ణి క్లిఫర్డ్‌తో ముందే చూశాను. చూసి, నాకంటే బాగా వాయిస్తున్నాడనే అనుకున్నాను. దానికి కోపం లేదు. పెట్టె విరగ్గొట్టాడని, అదే మింగుడుపడలేదు."

"నాదే తప్పు," అన్నాను.

"నీదే," అన్నాడు. కంతలోకి తొంగి చూసి, "అయితే ముప్పై రెండేళ్ళుగా బాలయేసుని నా బేసులో పడుకోబెట్టావన్నమాట. పాపం, నిద్ర పట్టిందో లేదో," అన్నాడు. లోర్నా నవ్వింది. నేను ఏడ్చాను.

సాయంత్రం మా ఇంట్లో టీ దగ్గర ముగ్గురం కూర్చున్నాం. నిర్ణయించినది ఇది. పండుగ వరకు పెట్టె తొట్టిగానే ఉంటుంది. పిల్లలు ఎదురుచూస్తారు. క్రిస్మస్ మర్నాడు నార్మన్ దానికి కొత్త తాడు కడతాడు. ఆ తర్వాతే ప్రదర్శనకు. అయితే పార్సిల్ చేసి పంపడట. "కావాలంటే వాణ్ణే వచ్చి తీసుకెళ్ళమను. మామూలు గిటారు తెచ్చుకోమను, బొగ్గుల కొట్లో ప్లగ్గు లేదు," అన్నాడు. ఈ మాట ఉన్నదున్నట్టు రాయమన్నాడు.

రేకు పలక నా వంటింటి మేకుకే ఉంది. ఎరిక్ పోయాడు కదా, పలకకు మనిషి లేడే అంది లోర్నా. అమ్మ తొడుగులు నా కుట్టు డబ్బాలో ఉన్నాయని చెప్పాను. క్రిస్మస్ మర్నాడు బుధవారం. సోమవారం కాదు, అమ్మ పలక అడగదు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
పెద్దక్క ఈనిడ్