కిర్రు పోయిన కుర్చీ

ఆదివారం, గుణదల

మామయ్యగారు పామర్రు నుంచి తెచ్చుకున్న టేకు పడక కుర్చీని నేను బాగుచేసి ఇవాళ్టికి మూడు రోజులు. పాత రంగంతా ఉప్పుకాగితంతో రుద్ది, పాలిష్ వేసి, వదులైన కీళ్ళలో జిగురు పోసి బిగించాను. చెల్లి ఫొటో చూసి కొత్తది కొన్నావా అంది!

ఆయన లేచినప్పుడల్లా అది కిర్రుమనేది. ఇప్పుడు చప్పుడే లేదు. ఆ సంగతి మధ్యాహ్నం మర్చిపోయాను. వంటింట్లో ఆయన గొంతును అనుకరిస్తూ, "ఏమోయ్, కాఫీ!" అంటున్నాను. ఈ మూడు రోజులుగా ఆయన పెడుతున్న కొత్త కేక అది. పడీపడీ నవ్వుతున్న అత్తయ్యగారు టక్కున ఆగిపోయారు. గుమ్మంలో మామయ్యగారు.

"నా గొంతు ఇంకాస్త బొంగురమ్మా," అన్నారు. రిటైరైనా లెక్కల మేష్టారే, తప్పు దిద్దకుండా ఉండలేరు. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

సాయంత్రం పిలిచారు. చీవాట్లేననుకున్నాను.

"కుర్చీ బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ ఇదివరకు కిర్రుమనగానే మీ అత్తయ్య కాఫీ పెట్టేది. ఇప్పుడు అడుక్కుని తాగాల్సొస్తోంది. ఆ చప్పుడు మళ్ళీ తెప్పించగలవా?"

పాపమనిపించింది. రేపు ఒక కీలు వదులు చేద్దామని అత్తయ్యగారితో అన్నాను.

"చేశావంటే ఊరుకోను," అన్నారావిడ. "ముప్పై ఏళ్ళకి మధ్యాహ్నం కాస్త నడుం వాల్చింది ఈ మూడు రోజులే."

ఎవరి మాట వినను? నేను తాగే కాఫీ కూడా ఆవిడే పెడతారు మరి...