కర్త లేని వాక్యం

జనవరి 27, మంగళవారం

బియ్యం బ్యాంకు ఇప్పుడు చూసుకుంటున్న సుజాత ఫోన్. బ్యాంకు వార్షికోత్సవానికి చిన్న పుస్తకం వేస్తారట. "చరిత్ర మీరే రాయాలె మేడం. మొదటి సంది ఉన్నది మీరే కదా." తెలుగు టీచర్‌గా రిటైరైన దాన్ని, రెండు పేజీలు ఎంతసేపు... సరే అనేశాను. ఫోన్ పెట్టేశాక టీ చల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

మొదటి నుంచీ ఉన్నది నేనే. అబద్ధం కాదు. నిజమూ కాదు.

జనవరి 28

మొదటి వాక్యం: "కరోనా కాలంలో మా గల్లీలో బియ్యం బ్యాంకు ప్రారంభించబడింది."

ప్రారంభించబడింది! ఎవరి చేత? ముప్పై ఏళ్లు పిల్లల చెవులు మెలేసి మరీ చెప్పాను — పని జరిగిందంటే చేసినవాళ్లుంటారు, కర్త ఏదిరా అని. ఇప్పుడు నా కర్త ఎక్కడికి పోయింది?

కొట్టేశాను. "కొందరు మహిళలు కలిసి..." ఇది ఇంకా దొంగ వాక్యం.

జనవరి 29

కర్త పేరు ఖైరున్. మా వెనక గల్లీ. మిషను కుడుతుంది. లాక్‌డౌన్‌లో కుట్టుపని ఆగిపోయి తనకే గడవని రోజుల్లో, పాత నెయ్యి డబ్బా ఒకటి పట్టుకుని మా తలుపు కొట్టింది. "టీచరమ్మా, ఎసరు పెట్టినప్పుడల్లా ఒక్క పిడికెడు ఇట్లాంటి డబ్బల ఎయ్యి. గా కిరాయి గదులల్ల పనోళ్లు ఉపాసముంటున్రు." ఇంటింటికీ అదే మాట చెప్పింది. ప్రతి ఆదివారం తిరిగి పోగుచేసేది. దొడ్డూ సన్నమూ కలిసిన ఆ బియ్యమే బ్యాంకు. నేను చేసిందల్లా ఒక నోటుబుక్కు తెచ్చి, గీతలు గీసి, ఇళ్ల వరుస రాయడం.

అక్కడితో ఆగినా బాగుండేది.

జనవరి 31

ఏమీ రాయలేదు. సుజాతకు మాత్రం "అయిపోవచ్చింది" అని మెసేజ్ పెట్టాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

సుజాత ఇంటిల్లిపాదీ కొమురవెల్లికి, మల్లన్నకు బోనం. "ఇయ్యాల రౌండు మీరు తిరుగుతరా మేడం?" సంచి భుజాన వేసుకుని బయల్దేరాను. సుజాత ఇచ్చిన నోటుబుక్కు నాదే, ఆ పాతదే. వరుసలో ఖైరున్ ఇల్లు. దాని మీద నా ఎర్రగీత. స్కేలు పెట్టి మరీ కొట్టిన మహాతల్లిని నేనే.

ఆమె భర్త సత్తార్ భాయ్ ఆటో బోల్తా పడి కాలు విరిగిన నెల అది; ఆదివారం రౌండు సుజాత అందుకుంది. ఖైరున్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సంచి పట్టుకుని బియ్యానికి వచ్చింది. నేనే పోసి ఇచ్చాను, అవసరమైన దానికంటే మెత్తగా మాట్లాడుతూ. ఆమె అటు పోగానే ఎర్ర పెన్ను తీశాను. తీసుకునే ఇంటికి అడగడానికి ఎలా పోతాం, పాపం... అని. ఆ ఇంటికి పోవద్దని సుజాతకూ చెప్పాను. ఎంత దయ నాది! ఆ తర్వాత ఖైరున్ ఇవ్వడానికీ రాలేదు, తీసుకోవడానికీ రాలేదు. కుట్టుపని మళ్లీ పుంజుకుందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

ఇవాళ ఆ ఇంటి ముందు నుంచే నడిచాను. తల దించుకుని, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ. ఈ వయసులో. సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 3

వెళ్లాను. రాసింది చదివి వినిపించాను. ఈసారి ఆమె పేరుతోనే మొదలుపెట్టాను. ఖైరున్ మిషను ఆపకుండానే విన్నది.

"పేరు మంచిగనే పెట్టినవ్ టీచరమ్మా. మా ఇల్లు ఎందుకు ఇడ్సిపెట్టిన్రో గది రాసినవా?"

రాయలేదు. నీకు బరువని... అంటూ ఏదో నసిగాను.

మిషను ఆగింది. "నాలుగు ఆదివారాలు డబ్బ దర్వాజల పెట్టి కూసున్న. సుజాత ఎదురింటికి వచ్చింది, పక్కింటికి వచ్చింది. మా దిక్కు సూడలే. ఒక్కనాడు తీస్కుంటె, ఇచ్చే చెయ్యి పడిపోతదా?"

తప్పు నాదే, సుజాతది కాదు అన్నాను. "ఎరికే," అంది.

పిడికెడు తీయడం ఆపలేదట. ఇన్నేళ్లూ! డబ్బా నిండినప్పుడల్లా ఆ కిరాయి గదుల్లోకి తానే పోయి ఇచ్చి వస్తోందట. మేమేమో వార్షికోత్సవాలు చేసుకుంటున్నాం.

లేచేటప్పుడు అడిగాను — ఆదివారం రావచ్చా?

"రా. డబ్బ దర్వాజల ఉంటె తీస్కపో. లేకుంటె అడుగకు."

టీ మాత్రం ఇచ్చింది. నాకు ఇష్టమని గుర్తుపెట్టుకుని, చక్కెర ఎక్కువ వేసి. అది తాగడం అన్నిటికన్నా కష్టమైంది.

ఫిబ్రవరి 5

పేజీలు సుజాతకు ఇచ్చాను. "ఖైరున్ మొదలుపెట్టింది. ఆమె ఇంటిని వరుసలోంచి నేను కొట్టేశాను." రెండు వాక్యాలకూ కర్తలున్నారు. సుజాత చదివి నెత్తి గోక్కుంది. "గీ రెండోది అవసరమా మేడం? సంబురంగ చేసుకునే రోజు..." అది తీసేస్తే మొత్తం తీసేయమన్నాను. చూస్తానంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

రౌండు నేనే తిరుగుతానని సుజాత దగ్గర నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. ఎర్రగీత చెరిగేది కాదు. దాని కిందే ఆమె పేరు మళ్లీ రాశాను. ఎదురింట్లో పోయించుకున్నాను, పక్కింట్లో పోయించుకున్నాను.

ఖైరున్ ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల మిషను చప్పుడు. గడప దగ్గర డబ్బా లేదు.

అడగొద్దంది. అడగలేదు. కాసేపు నిలబడ్డాను. మిషను ఆగింది... ఎవరూ బయటికి రాలేదు. నేను రెండిళ్లు దాటాక మళ్లీ మొదలైంది.

ఆమె నాలుగు ఆదివారాలు కూర్చుంది. నాకిది మొదటిది.