సముద్రం కోసం వేసుకున్న మాల

సిద్దిపేట, 5 డిసెంబర్ 1994, సోమవారం

ఇయ్యాల నా మీద నాకే రోత పుట్టింది.

సముద్రం అడుగుకు దిగి చాపల నడుమ ఈదొస్తనంటే మా హెడ్‌క్లర్కు మూడు రోజుల సెలవు గూడ ఇయ్యడు. అందుకే అయ్యప్ప మాల వేసుకున్న. శబరిమల అనంగనే పది రోజులిచ్చిండు. స్వాముల బస్సుల కొచ్చిన్ దాక కిరాయి తక్కువ. గాడ దిగిపోయి లక్షద్వీప్ ఓడెక్కాలె. వీపుకు గాలి సిలిండర్ కట్టి నీళ్లల్లకు దింపుతరట. నేనెంత హుషారోన్నని మురిసిన! ఓడ టికెటు గూడ అయ్యప్ప పటం వెనుకనే దాచిన, ఎవ్వలు ముట్టరని.

పొద్దుగాల చన్నీళ్ల స్నానం చేసి వచ్చేసరికి అవ్వ కొబ్బరికాయ పట్టుకోని నిలబడ్డది.

"స్వామీ, నా మోకాళ్లు కొండ ఎక్కనియ్యవు. నా పేరు మీద దీంట్ల నెయ్యి పోసి ఇరుముడిల పెట్టు" అన్నది.

మాల వేసుకునేదాక నన్ను "అరేయ్" అని పిలిచిన అవ్వ!

కాయ తీసుకున్న. బస్సు ఎల్లుండే.

అంతల అవ్వ వంగి నా కాళ్లు మొక్కబోయింది. గబుక్కున వెనక్కి గుంజుకున్న.

అది గూడ నా భక్తే అనుకున్నది.