చీకటి గదీ, వదిన పావురాలూ

కైరో, ఇంబాబా కాపురస్తుడు, పరుపులు కుట్టే షెహతా అనే నేను, యాభై రెండో ఏట, నిండు తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా సమస్త ప్రజలకూ చాటేదేమనగా: మా మేడ మీది పావురాల గూటి తలుపుకు ఆకుపచ్చ తప్ప వేరే రంగు వేయరాదు. ఎదురు మేడ మంగలి సుబ్హీ పట్టుకుపోయిన నా టీ గ్లాసు వెంటనే తిరిగి రావాలి.

ఇక అసలు సంగతి. ఆహారనాళంలో కాన్సరుకు పోయినేడు నాకు వెలుగు వైద్యం చేశారు. నరానికి మందెక్కించి, రెండు రోజులాగి, గొట్టం దింపి ఎర్రటి వెలుగు వేశారు. వెలుగు పడ్డచోట మందు కాన్సరును మాడ్చింది. మళ్ళీ రొట్టె మింగాను. ఒంట్లో మందున్నన్నాళ్లూ ఎండ తగలకూడదన్నారు. నాలుగు నెలలు చీకటి గదిలో ఉన్నాను. ఇప్పుడు జబ్బు తిరగబెట్టింది కనుక ఇది రాస్తున్నాను.

1. పెళ్లాంపిల్లలు లేని నాకు వారసుడు మా అన్న అష్మావీ. పరుపుల కొట్టు అతనిది. నా కుడిచేతి మచ్చ కూడా అతనిదే. పదో రోజున "ఎండ తగిలితేనే కదరా రోగం పోయేది, ఆ డాక్టర్లకేం తెలుసు" అంటూ కిటికీ బార్లా తెరిచిన మహావైద్యుడతను. చెయ్యంతా బొబ్బలెక్కితే "నీ చర్మమే సుకుమారంరా" అన్నాడు. తప్పయిందని నేటికీ అనలేదు.

2. గూడు, ముప్పై నాలుగు పావురాలు, వాటిని ఎగరేసి తిప్పే జెండా కర్ర, నా ఇష్టానికి రాసుకోమని చట్టమిచ్చిన మూడో వంతులోంచి, మా వదిన ఇన్షిరాహ్‌కు. నేను చీకట్లో ఉండగా మేత వేసే దిక్కులేక అన్న ఆమెను మేడెక్కనిచ్చాడు. "వాడు బయటికొచ్చే దాకానే. ఆడది జెండా ఊపితే వీధిలో నా పరువేం కావాలి?" అన్నాడు. తమ్ముడి చెయ్యి కాల్చినప్పుడు పోని పరువు అప్పుడు పోతుందట. రెండో వారానికే పావురాలను పిలిచే ఆమె ఈల మూసిన కిటికీలోంచి వినబడింది. మూడో నెలలో సుబ్హీ పావురాలు రెంటిని మా గుంపులో కలిపి దించేసింది; ఎదుటివాడి పిట్టను అలా లాక్కోవడమే ఈ ఆటలో గెలుపు. తలుపవతల నిలబడి, "మరిదీ, నీకు చేతకానిది నేను చేశా. ఇంకో ఏడాది లోపలే పడుండు" అంది. కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్లలో ఆమె నాతో ఆడిన మొదటి పరాచికం.

నేను బయటికొచ్చాక అన్న ఆమెను మళ్లీ పైకి పోనివ్వలేదు. అన్న జేబులోని మెట్ల తలుపు తాళంచెవి, ఇది చదివిన రోజే ఆమె చేతికివ్వాలి. ఇవ్వకపోతే సుబ్హీ తాళం పగలగొట్టాలి; కూలి కింద ఆ టీ గ్లాసు ఉంచుకోవచ్చు.

3. నర్సు కవ్సర్‌కు, నోరు విప్పనందుకు, నా నల్ల కళ్లద్దాలు.

చివరగా ఒక ఒప్పుకోలు. డాక్టరు చెప్పిన చీకటి ముప్పై రోజులే. మిగతా మూడు నెలలూ నా కల్పన. ముప్పై ఒకటో నాడు చెప్పులు తొడుక్కుంటుంటే పైనుంచి ఈల వినిపించింది. చెప్పులు విప్పేసి మళ్లీ పడుకున్నాను.

9 ఏప్రిల్ 2019
(సంతకం) షెహతా

సాక్షులు:
మహ్రూస్, కాఫీ కొట్టు
సుబ్హీ, మంగలి (గ్లాసు సంగతి తప్ప మిగతా వాటికి)