మా అన్న మిద్దె మీది మన్ను

నా భార్య జలజను చంపింది మీరు. నా శవం చుట్టూ కూర్చుని, దీన్ని ఎప్పుడు ఎత్తుతారా, ఎప్పుడు ఇంటికి పోయి నీళ్లు పోసుకుని ఇంత ముద్ద తిందామా అని చూస్తున్న మీరే. లేవకండి. ఇంకొకరిని చంపడానికి కూడా సిద్ధంగా ఉన్నారు. ఆమె పేరు గంగాదేవి, మా అన్న ఈశ్వరప్ప కోడలు. చంకలో బిడ్డతో మీ వెనక ఎక్కడో నిలబడి ఉంటుంది. ఆమె మీద పడబోయేది మా అన్న మిద్దె. చెప్పదలచింది ఇంతే, తక్కినది చట్టం కోసం రాస్తున్నాను.

తుమకూరు జిల్లా, పావగడ తాలూకు, వై.ఎన్.హొసకోట హోబళి, గుండ్లకట్ట గ్రామ నివాసి, కాలం చేసిన చిక్కన్న రెండో కొడుకు సంజీవప్ప అనే నేను, వయసు యాభై ఒకటి, వృత్తి వాన వచ్చిన ఏడు వ్యవసాయం, రాని ఏడు కరపత్రాలు రాయడం, ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. కడుపులో గడ్డ ఉందని, కోసినా లాభం లేదని బెంగుళూరు ఆసుపత్రిలో చెప్పి పంపించారు. చెడింది కడుపే, మతి కాదు. నా మతి ఎప్పుడో పోయిందని ఈ ఊరు చాలాకాలంగా అంటోంది కాబట్టి డాక్టరు చేత కాగితం రాయించి దీనికి జతపరిచాను. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలవాళ్లు ఉంటే ముందు నా నోరు మూయించి ఉండేవాళ్లు. దీని అసలు పావగడ సబ్ రిజిస్ట్రారు కచేరీలో ఉంది. చింపితే చేతులు నొప్పి, అంతే.

1. దీన్ని నా శవం ముందు చదవాల్సినవాడు, అమలు చేయాల్సినవాడు నా బావమరిది వాసుదేవ్, పావగడ బజారులో గుడ్డల అంగడి యజమాని. తన చెల్లెలు జలజ కోమట్ల ఇల్లు వదిలి రైతు ఇంటికి వచ్చిందని మా పెళ్లికి రాలేదు. ఆమె శవానికి వచ్చాడు. వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏమీ మాట్లాడలేకపోయాడు. వాసుదేవ్, ఇప్పుడు మాట్లాడు. గొంతు పెద్దది చేసి చదువు.

2. మా నాయన ఇల్లు రెండుగా పంచినప్పుడు నాకు వచ్చిన దక్షిణపు సగం, పెరడు, తలుపులు, వంటింటి కిటికీతో సహా గంగాదేవికి ఇస్తున్నాను. ఆమె మొగుడికి కాదు, మామకు కాదు, గంగాదేవికి. పంచాయితీ ఖాతాలో ఆమె పేరే ఎక్కాలి.

ఆ కిటికీ సంగతి రాయాలి, ఎందుకంటే దాని మీద నేరం మోపారు. పంపకంలో వెలుతురున్న సగం పెద్దవాడికి, చీకటి సగం కులం కాని పిల్లను తెచ్చినవాడికి వచ్చింది. జలజ ఆ వంటింట్లో పొగలో దగ్గుకుంటూ పట్టపగలు బుడ్డి వెలిగించి వండేది. గోడకు ఒక కిటికీ పెట్టమని, ఊళ్లో గోడలు కట్టే బేల్దారి హొన్నూరప్పను అడిగాను. గోడ చూశాడు, దిక్కు చూశాడు, బీడీ ఆర్పాడు. "దక్షిణం గోడ పొడిసేది నా సేత కాదన్నా. యముడు నీకు సుట్టమేమో, నాకైతే కాదప్పా" అన్నాడు. సరే అని గడ్డపార నేనే పట్టాను. నాకు కలం పట్టడం తప్ప ఇంకేదీ సరిగా రాదు. కన్నం మరీ కిందికి పెట్టాను. పైన ఒక రాతిబండ అడ్డంగా దూర్చి, నాలుగు పక్కలా మట్టి మెత్తి, గొప్పగా జలజను పిలిచాను. ఆమె వచ్చేసరికి అవతల నుంచి పక్కింటి మేక తల లోపలికి పెట్టి చూస్తోంది. "ఏందప్పా ఇది, కిటికీ నాకా, మేకకా?" అని కూర్చుని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె అంత నవ్వడం నేను చూడలేదు. కిటికీని మళ్లీ పైకి జరపలేదు. అది అక్కడే ఉండాలి.

ఆ ఏడు అక్టోబరులో మిద్దె కూలి జలజ చనిపోయింది. పదో దినం కాకముందే ఊరు తీర్పు చెప్పేసింది: దక్షిణానికి కన్నం పెట్టాడు, యముడు అందులోంచి దూరాడు.

మట్టి మిద్దె ఎరగనివాళ్లు, రేపు కోర్టులో జడ్జిలాంటివాళ్లు, ఇది చదవవచ్చు. వాళ్ల కోసం చెబుతున్నాను. గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆ పైన పుల్లలు, ఆకు, మన్ను. నీళ్లు దిగకుండా ఏటా వానలకు ముందు చౌడు మన్ను తెచ్చి పైన పరుస్తారు. తడిస్తే అది మూసుకుపోయి నీటిని ఆపుతుంది. ఇంతవరకు తెలివైన పనే. కొత్తది వేసే ముందు పాతది గోకి దించాలి. మనం దించం. పెద్దల కాళ్లు తొక్కిన మన్నట, దించితే ఇంటి పరువు దిగుతుందట. పైగా కరువు వచ్చిన ఏడు మామూలు కంటే రెట్టింపు వేస్తాం. మిద్దె సిద్ధం చేసి చూపిస్తే మేఘానికి దారి తెలుస్తుందని మన నమ్మకం. వరసగా కరువు వస్తే వరసగా రెట్టింపు. వాన కోసం ఇంత బరువు నెత్తికెత్తుకుని దాని కింద పడుకునే జాతి ఇంకెక్కడైనా ఉందా?

శెనక్కాయ ఊరాల్సిన రోజుల్లో రాని వాన, చెట్టు పీకి చేలో కుప్ప వేశాక వచ్చింది. ఇంటి కాపలాకు ఆగిన మా అన్న తప్ప మగవాళ్లం అందరం కుప్పలు కప్పడానికి పరిగెత్తాం. జలజ ఇంట్లో, కారేచోటల్లా గిన్నెలు పెడుతూ ఉండింది. చెద తిన్న దూలం తడిసిన మన్ను బరువు మోయలేక మధ్యకు విరిగింది. ఆ దూలం తూర్పు గోడ నుంచి పడమటి గోడకు ఉండింది. కిటికీ ఉన్న గోడను అది ముట్టుకోనైనా లేదు. కిటికీ మీది బండలో ఈనాటికీ వెంట్రుకంత బీట లేదు. అనుమానం ఉంటే లేచి పోయి చూసి రండి. అది చూడడానికి మాత్రం లేవవచ్చు.

3. ఊరి బయట ఎస్సీ కాలనీలో ఉండే ఓబక్కకు నా మెరక చేను మూడెకరాలు, గట్టు మీది వేపచెట్లతో సహా ఇస్తున్నాను. పహణిలో ఆమె పేరు ఎక్కించే బాధ్యత వాసుదేవ్‌ది.

ఎందుకు ఆమెకు అని గొణుగుతారు, కాబట్టి వినండి. మిద్దె కూలిన శబ్దానికి మొదట పరిగెత్తి వచ్చింది ఓబక్క. మా అన్న ఈశ్వరప్ప గడపలో చేతులు అడ్డం పెట్టి, "యేయ్, ఆడే ఉండు. లోపలికి రావద్దు, మొగోళ్లు వస్తాండారు" అన్నాడు. "మొగోళ్లు వచ్చేదాకా మన్ను ఆగుతుందా సామీ, పక్కకు జరుగు" అని ఆమె అతన్ని తోసుకుని లోపలికి పోయి చేతులతో తవ్వింది. మేము చేలోంచి వచ్చేసరికి ఆమె గోళ్లలోంచి రక్తం కారుతోంది. తరువాత నేను అడిగితే ఒక్కమాటే చెప్పింది: "సెయ్యి ఎచ్చగానే ఉణ్ణింది సంజీవప్పా. నేను పట్టుకుంటే తానూ పట్టుకొనింది. ఆ తరవాత ఇడిసింది."

అన్నా, గడపలో నువ్వు అడ్డం నిలిచిన ఆ కాసేపు ఎంతో నాకు తెలియదు. దాన్ని కొలవలేకే నేను ఇన్నాళ్లూ నిద్రపోలేదు.

ఇల్లు మళ్లీ కట్టింది కూడా ఓబక్కా, నేనూ, మేమిద్దరమే. యముడు దూరిన ఇంటి మట్టి ముట్టుకోబోమని ఊరంతా తప్పుకుంది. శిథిలం గంపలతో మోశాం, విరిగిన దూలాలు లాగాం, మిగిలిన పాత మన్ను గోకి దించాం. కొత్త వేప దూలం కొలిచింది నేను, కోసింది నేను. ఎత్తి చూస్తే జానెడు పొట్టి. ఓబక్క దాని మీదే కూర్చుని, "కరపత్రం రాసినట్ల కాదప్పా ఇది. తప్పయితే కొట్టేసి మళ్లా రాసేదానికి లేదు" అంది. రెండో దూలం సరిపోయింది. దాని మీద ఇప్పుడు జానెడు మన్నే ఉంది. పోయిన ఏడు వానకు ఒక్క చుక్క దిగలేదు. పలచటి మిద్దె కారుతుందని చెప్పిన పెద్దమనుషులు ఎవరూ చూడడానికి రాలేదు.

4. బేల్దారి హొన్నూరప్పకు నా గడ్డపార. దానికి దిక్కులు తెలియవు. గోడ ఎటున్నా పొడుస్తుంది. అయినా హొన్నూరప్పా, నీ మీద నాకు కోపం లేదు. జలజ సమాధికి రాళ్లు పేర్చి, కూలి వద్దని తల వంచుకుని వెళ్లావు. నువ్వు పేర్చిన రాళ్లు కదలలేదు.

5. మా అన్న కొడుకు వెంకటరాముడికి నా సైకిలు. మంచి పిల్లవాడు. నాయన ముందు నోరు లేవదు, అదొక్కటే రోగం. ఈ ఊళ్లో ఆ రోగానికి గౌరవం అని పేరు. ఒరే, నీ భార్యాబిడ్డలు ఎక్కడ పడుకోవాలో చెప్పే నోరు నీది కాకపోతే ఇంకెవరిది?

6. అచ్చయి మిగిలిపోయిన నా కరపత్రాలు, అంటరానితనం మీద, మూఢాచారాల మీద, శెనక్కాయ దళారుల మీద రాసినవి, ఊరి అంగళ్లకు. ఇప్పటికే వాటిలో బఠానీలు పొట్లం కడుతున్నారు. కానివ్వండి. తిన్నాక చదవండి.

7. మా అన్న ఈశ్వరప్పకు, పెరట్లో కుప్పగా పోసి ఉన్న నా మిద్దె మన్ను. కూలిందీ, నేను దించిందీ మొత్తం. తాత వేసింది, నాయన వేసింది, నువ్వు నేను వేసింది, అన్నీ అందులో ఉన్నాయి. పెద్దల మన్ను అని నీకు భక్తి కదా, ఇదిగో ఆస్తి.

దానితోపాటు ఒక గాజు గోలీ. మన్ను దించుతుంటే నడిమి పొరలో దొరికింది, లోపల నీలం రంగు మెలిక ఉన్నది. నువ్వు మిద్దె మీద పోగొట్టి, నేను దొంగిలించానని నన్ను కొట్టావు. నేను దొంగిలించలేదని ఇప్పటికైనా నమ్ము. గూట్లో పెట్టాను, తీసుకో.

అన్నా, నీ సగం మిద్దె మీద అదే మన్ను, అదే మందాన ఉంది. దూలాలూ నా ఇంట్లో విరిగినవాటితోపాటు ఒకే అడవి నుంచి ఒకేనాడు వచ్చినవే. దాని కింద నీ కోడలు పడుకుంటోంది. పోయిన నెల ఆమె నా వాకిట్లోకి వచ్చి, ఎవరూ వినకుండా చెప్పింది: "సిన్నమామా, మా పక్క దూలం కిర్రుకిర్రుమంటాండాది. మామకు సెప్తే ఎలకలంటాడు. బిడ్డను యాడ పండబెట్టేది?" నేను కర్ర పట్టుకుని నీ దగ్గరికి వచ్చాను. నడవలేని స్థితిలో వచ్చాను. నువ్వేమన్నావు? "నాయన తొక్కిన మన్ను రా అది. నేను సచ్చినాంక దించుకోండి." నీకంటే ముందు నేను చస్తున్నాను. నువ్వు చచ్చేదాకా ఆ దూలం ఆగదు. పోనీ నా ఇంటికి పంపు అంటే, "ఆ కిటికీ ఇంట్లోకా? నా కోడల్నా?" అన్నావు.

ఇన్నేళ్లు వాదించాను. పంచాయితీకి అర్జీ పెట్టాను, తాలూకా కచేరీకి పెట్టాను. ప్రైవేటు ఇల్లు, మేమేం చేస్తాం అన్నారు. చివరికి తెలిసిందేమంటే ఈ ఊరు వాదనకు లొంగదు, ఆచారానికే లొంగుతుంది.

ఊళ్లో శవం ఉండగా పొయ్యి వెలిగించకూడదు, ముద్ద ముట్టకూడదు. ఇదే కదా మీ ఆచారం? దీన్ని వెక్కిరిస్తూ నేనొక కరపత్రం వేశాను, మీలో కొందరు నన్ను కొట్టడానికి కూడా వచ్చారు. ఆ కరపత్రాన్ని ఈ ఒక్కరోజుకు వెనక్కి తీసుకుంటున్నాను. కింద రాసిన పని అయ్యేదాకా నన్ను ఎత్తకూడదు, ఆచారం తప్పకండి. నిష్ఠగా పాటించండి. పిల్లలకు, బాలింతలకు, జబ్బు మనుషులకు పెట్టండి, పెద్దమనుషులు మాత్రం ఆకలితో కూర్చోండి. శవాన్ని బలవంతంగా ఎత్తాలని ఎవరైనా చూస్తే, చనిపోయినవాడి ఆఖరి మాట దాటినవాళ్లు అవుతారు. దాన్ని గురించి మీ ఆచారం ఏమంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. చేతికి పారలున్న మగవాళ్లు ఈ వాకిట్లో ఇంతమంది మళ్లీ చేరరు. అందుకే ఈరోజే.

నా డిమాండ్లు:

ఒకటి. గంగాదేవి, బిడ్డ, ఇంట్లో ఉన్న సామాను మొదట బయటికి రావాలి. ఈ రాత్రి నుంచి వాళ్లు నా ఇంట్లో పడుకోవాలి.

రెండు. ఈశ్వరప్ప మిద్దె మీది మన్ను ఈరోజే దించాలి. నడిమి నుంచి మొదలుపెట్టాలి. ఒక దూలం మీద ఇద్దరు నిలబడకూడదు. కింద ఎవరూ ఉండకూడదు.

మూడు. మన్ను మోసే వరుసలో కాలనీవాళ్లు కూడా నిలబడతారు. ముందు వాకిలి నుంచే వస్తారు, పోతారు. అడ్డం నిలబడకూడదు.

నాలుగు. చెద తిన్న దూలాలు తీసెయ్యాలి. కొత్తవాటికి ఓబక్క చేను గట్టు మీది వేపచెట్లు, ఆమె ఒప్పుకుంటేనే, వెల కట్టి కొట్టుకోవాలి.

ఐదు. వంటింటి కిటికీ మూయకూడదు.

ఆరు. నాకు కర్మ, తిథి వద్దు. జలజ పక్కన పూడ్చాలి.

ఏడు. దించిన మన్నంతా నేల మీద ఉందని గంగాదేవి తన కళ్లతో చూసి, సరే అని చెప్పాలి. అప్పుడు నన్ను ఎత్తాలి.

గుండ్లకట్ట
17 ఫిబ్రవరి 1994

(సంతకం) చి. సంజీవప్ప

సాక్షులు (ఈ వీలునామా వల్ల వీరిద్దరికీ ఏమీ రాదు. అందుకే పిలిచాను):
1. కాంతామణి, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, గుండ్లకట్ట
2. ఆదినారాయణప్ప, విశ్రాంత పోస్ట్‌మాస్టర్, వై.ఎన్.హొసకోట